పోస్ట్‌మ్యాన్ గిటార్... పదేళ్లు ఆగాలి!

ఎరిక్ క్లాప్టన్. గిటార్ పట్టుకున్న ప్రతి కుర్రాడూ ఎప్పుడో ఒకప్పుడు వినే పేరు. 1992లో వచ్చిన ఆయన 'అన్‌ప్లగ్డ్' ఆల్బమ్ ఆ మరుసటేడు గ్రామీ అవార్డుల్ని ఊడ్చేసింది. కరెంటు గిటార్ల మోజులో పడి పక్కనబెట్టిన మామూలు చెక్క గిటార్‌కి మళ్లీ మంచిరోజులు తెచ్చిన ఆల్బమ్ అది. అలాంటి మనిషి ఓ గిటార్ కావాలని నోరు తెరిచి అడిగితే ఏ కంపెనీ అయినా పరుగెత్తుకొచ్చి చేసిస్తుంది. కానీ ఒకరు మాత్రం 'సరే, వరసలో ఉండండి' అన్నారు. ఆ వరస కదిలి క్లాప్టన్ వంతు వచ్చేసరికి అక్షరాలా పదేళ్లు పట్టింది!

అంతకాలం ఆగేలా చేసిన ఆ మనిషి ఫ్యాక్టరీ యజమాని కాదు. కొండల్లో ఊరూరా తిరిగి ఉత్తరాలు పంచిన పోస్ట్‌మ్యాన్. పేరు వేన్ హెండర్సన్.

అమెరికాలో వర్జీనియా రాష్ట్రం. అపలాచియన్ కొండల నడుమ రగ్బీ అని ఓ పల్లె. ఆట పేరే ఊరి పేరు. దాని జనాభా ఎంతో తెలుసా? ఏడుగురు! ఆ ఊరి గురించి ఎవరు రాసినా మొదట చెప్పే సంగతి అదే. 1947లో పుట్టిన హెండర్సన్ అక్కడే పెరిగారు, అక్కడే పోస్టల్ ఉద్యోగం చేశారు. మూడు దశాబ్దాలకు పైగా పగలంతా ఉత్తరాల సంచీ, సాయంత్రం ఇంటికి రాగానే ఉలీ చిత్రికా. ఇంటి దగ్గరే చిన్న వర్క్‌షాపు. అందులో ఆయన చేతుల మీదుగా వందల గిటార్లు తయారయ్యాయి. ప్రతిదానికీ ఓ నంబరు. సాయం చేసేందుకు జీతగాళ్లెవరూ లేరు. కబుర్లు చెబుతూ కూర్చునే ఇరుగుపొరుగులు మాత్రం ఎప్పుడూ ఉండేవారు. మన ఊళ్లలో కమ్మరి కొలిమి దగ్గరా రచ్చబండ దగ్గరా చేరినట్టే!

సొరుగు చెక్కతో మొదలు

ఆ ఊళ్లో ఇ.సి.బాల్ అని ఓ గాయకుడుండేవాడు. పేరుమోసిన మార్టిన్ కంపెనీ గిటార్ ఒకటి ఆయన దగ్గర ఉండేది. బడికెళ్లే వయసులో ఉన్న వేన్ కళ్లన్నీ దానిమీదే. కొనే స్తోమత ఎక్కడిది? చేద్దామనుకున్నాడు. బాల్ గారి గిటార్ ఆకారాన్ని గీసుకొచ్చాడు. చెక్క కావాలిగా... ఇంట్లో సొరుగుల బీరువా కనిపించింది. ఓ సొరుగు అడుగున ఉండే పల్చటి చెక్క పొర ఊడొచ్చింది. జిగురు? నాన్న కారు తలుపులకి వాన నీరు కారకుండా రబ్బరు పట్టీలు అంటించే నల్ల బంక డబ్బా దొరికింది. ఇంకేం, గిటార్ తయారైంది.

ఎండాకాలం వచ్చింది. ఓ రోజు వేడికి ఆ రబ్బరు బంక కాస్తా మెత్తబడింది. తీగల లాగుడికి అతుకులన్నీ ఒక్కసారిగా విచ్చుకున్నాయి. గిటార్ పువ్వు విరిసినట్టు విడిపోయిందని ఆ తరవాత్తరవాత ఆయనే నవ్వుతూ చెప్పేవారు. ఆ వయసులో మాత్రం నవ్వొచ్చి ఉండదు.

తండ్రి ఫిడేలు వాయించేవాడు. కొడుకు దిగులు చూసి తిట్టలేదు. బండెక్కించుకుని ఆ చుట్టుపక్కలే ఉండే ఆల్బర్ట్ హ్యాష్ దగ్గరకు తీసుకెళ్లాడు. హ్యాష్ వృత్తిరీత్యా మిషన్ పనివాడు, ఇష్టం కొద్దీ ఫిడేళ్లు చేసే మనిషి. ఏ చెక్క వాడాలో, ఏ జిగురు పట్టాలో, పలక ఎంత పల్చగా ఉండాలో ఆ కుర్రాడికి చూపించాడు. హెండర్సన్‌కి దొరికిన బడి అదే. పుస్తకాల్లేవు, కొలతల పట్టికల్లేవు. ఒకరు చేస్తుంటే పక్కన నిలబడి చూడటం, ఇంటికొచ్చి చేసి చెడగొట్టడం, మళ్లీ వెళ్లి అడగటం. తరవాత కొంతకాలం నాష్‌విల్‌లో పాత వాయిద్యాల దుకాణంలో రిపేరు పని చేశారు. పాత మార్టిన్ గిటార్ల కడుపు విప్పి చూసే అవకాశం అక్కడే దొరికింది.

లోపల ఏముంటుంది?

గిటార్ పైనుంచి చూస్తే నడుము సన్నగా ఉన్న ఓ చెక్కపెట్టె. అంతే అనిపిస్తుంది. అసలు కథంతా లోపలే ఉంది.

తీగ ఒక్కటీ మీటితే దానికదిగా పెద్ద శబ్దమేమీ చెయ్యదు. సన్నటి తీగ కదిలించగలిగే గాలెంత? దాని కదలిక గుర్రం ద్వారా (వీణకున్నట్టే గిటార్‌కీ తీగల్ని మోసే గుర్రం ఉంటుంది, బ్రిడ్జ్ అంటారు) ముందుపలకకి చేరాలి. ఆ పలక ఊగాలి. పలకతోపాటు పెట్టెలోని గాలీ ఊగాలి. అప్పుడే పాట గది అవతలికి వినిపిస్తుంది. అంటే పాడేది తీగ కాదు, పలక!

పలక బాగా ఊగాలంటే పల్చగా ఉండాలి. కానీ ఆరు స్టీలు తీగలూ శ్రుతి చేశాక పలకని లాగే బలం ఎంతనుకున్నారు? దాదాపు 70 నుంచి 80 కిలోలు! ఓ పెద్దమనిషి పగలూ రాత్రీ ఆ చెక్కని పట్టుకుని వేలాడుతున్నట్టు. ఆ బరువుని మోయాల్సిన పలక మందం మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మందంగా ఉంచేస్తే గిటార్ వందేళ్లు నిలుస్తుంది, కానీ గొంతు పెగలదు. మరీ పల్చన చేస్తే అద్భుతంగా పలుకుతుంది... కొన్నాళ్లకే గుర్రం దగ్గర పొట్ట ఉబ్బి, పలక వంగి మూలనపడుతుంది.

ఇక్కడో చిన్న లెక్క ఉంది. చెక్క మందం తగ్గేకొద్దీ దాని బిగువు అంతకు ఎన్నో రెట్లు వేగంగా తగ్గిపోతుంది. మూడు మిల్లీమీటర్ల పలకని చిత్రిక పట్టి 2.7కి తెచ్చామనుకోండి. పోయింది పదోవంతు మందమే. బిగువు మాత్రం పావువంతుకు పైగా పోతుంది. చిత్రిక రెండుసార్లు ఎక్కువ తోస్తే చాలు, మంచి గిటార్ కాస్తా పాడైపోతుందన్నమాట. తీసేసిన చెక్కని మళ్లీ అతికించే వీలూ లేదు.

అందుకే పలక వెనక ఊతబద్దలు పెడతారు. స్టీలు తీగల గిటార్లలో ఇవి ఇంటూ గుర్తు ఆకారంలో ఉంటాయి. వీటిని ముందు కాస్త లావుగా అతికిస్తారు. తరవాత మొదలవుతుంది అసలు పని. పలకని రెండు వేళ్లతో పట్టుకుని, బొటనవేలితోనో కణుపుతోనో తట్టి వింటారు. డొక్కు డబ్బాలా మోగితే ఇంకా బిగుసుకుని ఉందని. బద్దని కొంచెం చెక్కాలి. మళ్లీ తట్టాలి. మళ్లీ చెక్కాలి. హెండర్సన్ ఈ పనికి వాడేది మామూలు జేబుచాకు! చుట్టూ చేరినవాళ్లు ఎలా చేస్తారండీ అనడిగితే ఆయన జవాబు ఒకటే- మంచి చెక్క, చాకు తీసుకుని గిటార్ కానిదంతా చెక్కేయడమేనట. ఎక్కడ ఆపాలన్నది మాత్రం ఆ జవాబులో ఉండదు. కుండ కొనేముందు తట్టి చూసే మన అమ్మమ్మని ఎలా తెలుస్తుందని అడిగితే ఏం చెబుతుంది? ఇదీ అంతే.

చెక్కని చదవాలి

ముందుపలకకి ఎక్కువగా వాడేది స్ప్రూస్. చలికొండల్లో పెరిగే సూదాకుల చెట్టు. బరువు తక్కువ, నిలువునా బిగువెక్కువ. రగ్బీ చుట్టూ ఉన్న ఎత్తయిన కొండల మీద ఎర్ర స్ప్రూస్ పెరుగుతుంది. రెండో ప్రపంచయుద్ధానికి ముందు మార్టిన్ కంపెనీ చేసిన గిటార్లకి అంత పేరు రావడానికి ఈ చెక్క ఒక కారణమంటారు. అంటే హెండర్సన్‌కి కావలసిన చెట్టు పెరట్లో ఉన్నట్టే.

చెట్టుంటే చాలదు. దుంగని నడిమధ్య నుంచి అంచుకు, కేకు ముక్క కోసినట్టు కోయాలి. అప్పుడే ఏటికేడు పడ్డ వలయాలు పలక మీద నిలువు గీతల్లా, ఒకదాని పక్కన ఒకటి దువ్వినట్టు కనిపిస్తాయి. అడ్డదిడ్డంగా కోసిన పలక వంకర తిరుగుతుంది. అలా కోసిన ముక్కని మళ్లీ మందంలోకి రెండుగా చీల్చి, పుస్తకం తెరిచినట్టు పక్కపక్కన పరుస్తారు. కుడి ఎడమలు అద్దంలో బొమ్మల్లా ఉండేది అందుకే. ఈసారి ఎవరి గిటారైనా చూస్తే మధ్యలో ఉన్న సన్నటి అతుకుని గమనించండి.

పక్కబద్దల్ని వంచడం మరో ముచ్చట. రెండు మిల్లీమీటర్ల మందమున్న గట్టి చెక్కని నీళ్లతో తడిపి, బాగా కాలిన ఇనుప గొట్టం మీద మెల్లగా వంచుతారు. తొందరపడితే ఫట్! వేడికి చెక్క ఒక్కక్షణం లొంగుతుంది. ఆ క్షణం చేతికి తెలియాలి. చల్లారాక ఆ వంపు అలాగే ఉండిపోతుంది. కాలే చెక్క వాసనకే అది ఏ చెట్టో చెప్పగలరు ఈ పని చేసేవాళ్లు.

జిగురు సంగతీ చెప్పుకోవాలి. సంప్రదాయ పద్ధతిలో వాడేది జంతువుల తోలు ఉడికించి తీసిన జిగురు. దాని గొప్పతనం గట్టిగా పట్టుకోవడం ఒక్కటే కాదు, కావాలన్నప్పుడు వదలడం కూడా. ఆవిరి పట్టిస్తే అతుకు విడిపోతుంది. గిటార్ ఎంత బాగా చేసినా కొన్ని దశాబ్దాలకి తీగల లాగుడికి మెడ కాస్త ముందుకి వంగక తప్పదు. అప్పుడు మెడ విప్పి, సరిచేసి, మళ్లీ అతికించాలి. ఎన్నటికీ ఊడని జిగురు పెడితే ఆ రోజు గిటార్‌ని పగలగొట్టాల్సిందే. నాన్న కారు బంకతో మొదలుపెట్టిన కుర్రాడికి ఈ తేడా మనకంటే బాగా తెలిసుంటుంది!

వీణకి మైనం... గిటార్‌కి లెక్క

మన బొబ్బిలి వీణకి మెట్లు మైనంలో కూర్చుతారు. శ్రుతి తెలిసిన పనివాడు చెవితో వింటూ ఒక్కో మెట్టునీ అటూ ఇటూ జరిపి నిలబెడతాడు. కొన్నేళ్లకి తేడా వస్తే మైనం కరిగించి మళ్లీ సర్దుకోవచ్చు. గిటార్‌లో ఆ వెసులుబాటు లేదు. నల్లటి ఎబొనీ చెక్క మీద (మన బీడీ ఆకుల తునికి చెట్టుకి దగ్గరి చుట్టం ఇది) రంపంతో గాడి కోసి, లోహపు మెట్టుని కొట్టి దిగ్గొట్టాల్సిందే. గాడి ఒక వెంట్రుకవాసి తప్పినా ఆ గిటార్ జీవితాంతం అపశ్రుతే.

ఎక్కడ కోయాలో ఎలా తెలుస్తుంది? దానికో అంకె ఉంది... 17.817. తీగ పొడవుని దీంతో భాగిస్తే మొదటి మెట్టు ఎంత దూరంలో ఉండాలో వస్తుంది. తీగ 645 మిల్లీమీటర్లనుకుంటే మొదటి మెట్టు 36.2 మిల్లీమీటర్ల దగ్గర. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా పోతూ ఉంటే పన్నెండో మెట్టు సరిగ్గా తీగ నడిమధ్యన వచ్చి కూర్చుంటుంది. పిల్లలకి లెక్కలంటే భయమైతే ఓ గిటారూ స్కేలూ ఇచ్చి కొలవమనండి.

ఇంత లెక్క వేశాక కూడా చివర్లో చిన్న మోసం చెయ్యాలి. తీగని మెట్టు మీదికి నొక్కినప్పుడు అది కాస్త సాగి శ్రుతి పెరుగుతుంది. లావు తీగలకి ఆ తేడా మరీ ఎక్కువ. అందుకే గుర్రం మీది ఎముక పట్టీని కొంచెం ఏటవాలుగా పెడతారు. లావు తీగకి కాస్త పొడవు అదనంగా దొరుకుతుంది. మెరుగు పనికి కొందరు ఇప్పటికీ లక్కని స్పిరిట్‌లో కరిగించి, గుడ్డ ఉండతో పొరలు పొరలుగా రుద్దుతారు. ఏటికొప్పాక బొమ్మలకి మెరుపునిచ్చేదీ ఆ లక్కే. ఆ పని ఓపికని ఎంత పరీక్షిస్తుందో చెప్పడానికి ఇంకో వ్యాసం కావాలి.

వరసలో ముందెవరు?

హెండర్సన్ దగ్గర వరస ఉండేది గానీ, అది రేషన్ షాపు క్యూలాంటిది కాదు. ముందొచ్చినవాళ్లకే ముందని లేదు. ఎక్కువ డబ్బిస్తామన్నవాళ్లకని అసలే లేదు. ఆయన తీసుకునే ధర కన్నా ఆ గిటార్లు చేతులు మారినప్పుడు పలికే ధర ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ సంగతి ఆయనకీ తెలుసు. అయినా తన రేటు పెంచాలని పెద్దగా అనుకోలేదు. గుర్తుచేస్తూ వెంటపడేవాళ్లకీ, మనసుకి నచ్చినవాళ్లకీ ముందు పని జరిగేది. మర్యాదకి పోయి ఊరుకున్నారో, అంతే సంగతులు!

క్లాప్టన్ విషయంలో జరిగింది అదే. 1990ల్లో న్యూయార్క్‌లో ఓ పరిచయస్తుడి దగ్గరున్న హెండర్సన్ గిటార్‌ని వాయించి ముచ్చటపడ్డాడు. నాకూ ఒకటి కావాలన్నాడు. కబురు రగ్బీకి చేరింది. హెండర్సన్ కాదనలేదు. మొదలూ పెట్టలేదు. ఆ పెద్దమనిషికి గిటార్లకేం తక్కువ, ఇక్కడ వాయించడానికి ఒక్కటీ లేనివాళ్లు ఎదురుచూస్తున్నారు కదా అన్న ధోరణి. చివరికి అలెన్ సెయింట్ జాన్ అనే రచయిత వచ్చి, పక్కనే కూర్చుని, పోరుపెట్టి చేయించాడు. ఆ పని జరిగిన తీరంతా 'క్లాప్టన్స్ గిటార్' పేరుతో 2005లో పుస్తకంగా వచ్చింది. పోస్ట్‌మ్యాన్ ప్రపంచానికి తెలిసింది ఎక్కువగా అప్పుడే. కానీ వాద్యకారులకి అంతకుముందే తెలుసు. ఆయన స్వయంగా మంచి గిటారిస్టు కూడా. న్యూయార్క్ కార్నెగీ హాల్లో కచేరీ చేశారు. జానపద కళలకిచ్చే నేషనల్ హెరిటేజ్ ఫెలోషిప్‌ని 1995లో అందుకున్నారు. ఆయన పేరిట కొండల మీది పార్కులో ఏటా జూన్‌లో సంగీతోత్సవం పెట్టారు. అక్కడి పోటీలో గెలిచినవాళ్లకి బహుమతేంటో ఊహించండి... వరసలో నిలబడకుండానే ఓ హెండర్సన్ గిటార్!

మన అడవి నుంచి అక్కడికి

గిటార్ వెనకపలకకీ పక్కలకీ స్ప్రూస్ పనికిరాదు. అక్కడ బరువైన, గట్టి చెక్క కావాలి. ఏళ్ల తరబడి ఆ స్థానం బ్రెజిల్ రోజ్‌వుడ్‌ది. దుంగలు నరికి నరికి ఆ అడవులు ఖాళీ అవుతుంటే 1960ల చివర్లో బ్రెజిల్ ఎగుమతుల్ని కట్టడి చేసింది. గిటార్ కంపెనీలు ఇబ్బందిలో పడ్డాయి. మరో చెక్క కోసం వెతికితే దొరికింది మన దక్షిణ భారతంలో. మార్టిన్ కంపెనీ 1969లో ఇండియన్ రోజ్‌వుడ్‌కి మారింది. దాన్ని చూసి మిగతావాళ్లూ.

ఏమిటా చెట్టు అంటారా? మనకి బాగా తెలిసిందే. జిట్రేగి, ఇరుగుడు అని మన అడవుల్లో పిలిచే చెట్టు. తూర్పు కనుమల్లోనూ ఉంటుంది. కలిగినవాళ్ల ఇళ్లలో తాతల నాటి పందిరిమంచాలూ బీరువాలూ ఉన్నాయంటే చాలావరకు వాటిలో ఇదే. ఊదారంగు కలిసిన గోధుమవన్నె, మధ్యలో నల్లచారలు. వాయిద్యాలవాళ్లకి నచ్చింది రంగు ఒక్కటే కాదు. ఈ పలకని తడితే గంటలా చాలాసేపు మోగుతుంది. అర్ధశతాబ్దానికి పైగా ప్రపంచంలో ఎక్కడెక్కడో మోగుతున్న గిటార్ల వీపు మీద మన అడవుల చెక్క ఉంది. మనం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు!

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. జిట్రేగి చేవ తేలడానికి ఒక మనిషి జీవితకాలం చాలదు. నరికినంత వేగంగా పెరగదు. ఇప్పుడది ముప్పు అంచున ఉన్న చెట్ల జాబితాలో చేరింది. దుంగల్ని దేశం దాటించడానికి వీల్లేదు, కోసి సిద్ధం చేసిన ముక్కలే వెళ్లాలి. 2017 జనవరి నుంచి రోజ్‌వుడ్ జాతి చెట్లన్నింటి వ్యాపారాన్నీ అంతర్జాతీయ ఒప్పందం కిందకి తెచ్చారు. ఉద్దేశం మంచిదే. కానీ పెద్ద కంపెనీకి కాగితాలు చూసుకునే ఆఫీసుంటుంది. ఇంట్లో ఏడాదికి పదో ఇరవయ్యో గిటార్లు చేసేవాడికి ఎవరుంటారు? విదేశంలో ఉన్న ఒక్క మనిషికి ఒక్క గిటార్ పంపాలన్నా పర్మిట్ కావాల్సొచ్చింది. గోల పెట్టగా పెట్టగా 2019 నవంబరు నుంచి తయారైపోయిన వాయిద్యాలకి మినహాయింపిచ్చారు. చెక్కకి మాత్రం నిబంధనలు అలాగే ఉన్నాయి. నా మటుకు నాకు అది సబబే అనిపిస్తుంది. నిబంధనల వల్ల గిటార్ ఆలస్యమైతే ఆగొచ్చు. చెట్టు పోతే ఎక్కడ తెస్తాం?

అప్పు తీర్చుకుందామని...

ఇదే ప్రశ్న హెండర్సన్ ఇంట్లోనూ వచ్చింది. అడిగింది బయటివాళ్లెవరో కాదు, కూతురు జేన్.

చిన్నప్పుడు జేన్‌కి గిటార్లంటే పెద్ద ఇష్టమేమీ లేదు. నాన్న ఎప్పుడు చూసినా వర్క్‌షాపులో ఉండేవాడు, వచ్చిపోయేవాళ్లంతా నాన్న కోసమే వచ్చేవాళ్లు. చదువుకోవడానికి బయటికి వెళ్లిపోయింది. చదివింది పర్యావరణ చట్టాలు. ఆ రంగంలోనే సేవాసంస్థలో ఉద్యోగం. జీతం అంతంత మాత్రం, చదువుకి చేసిన అప్పు మాత్రం కొండంత. అమెరికాలో ఉన్న మన పిల్లల్ని అడిగినా చెబుతారు ఆ అప్పు సంగతి!

జేన్‌కి ఓ ఉపాయం తట్టింది. నాన్న చేసిన గిటార్ ఒకటి అమ్మితే చాలు, చాలావరకు గట్టెక్కేయొచ్చు. వెళ్లి అడిగింది. ప్రపంచమంతా పదేళ్లు ఆగి తీసుకెళ్లే గిటార్ కన్నకూతురికి ఇవ్వడానికేం? కానీ ఆయన అన్నది వేరు... 'నువ్వే చెయ్యి, నేను పక్కనుంటా'.

చేసింది. నాన్న పక్కన నిలబడి పలక పట్టుకుంది, తట్టింది, చెక్కింది. ఆల్బర్ట్ హ్యాష్ దగ్గర ఆ కుర్రాడు నిలబడ్డట్టే. అప్పు కోసం మొదలుపెట్టిన పని అప్పుతో ఆగలేదు. 2010 తరవాత అదే ఆమె వృత్తైంది. ఇ.జె.హెండర్సన్ పేరుతో గిటార్లూ, నాలుగు తీగల బుల్లి ఉకులేలేలూ చేస్తోంది. ముత్యపుచిప్పల ముక్కలతో చెక్కలో బొమ్మలు పొదగడంలో నాన్నకన్నా ఆమె చెయ్యే ఒక మెట్టు పైనని చూసినవాళ్లంటారు.

అయితే నాన్నకీ కూతురికీ ఒకచోట తేడా ఉంది. నాన్నకి ఇష్టం రోజ్‌వుడ్. పాత మార్టిన్‌ని చూసి మనసు పారేసుకున్న తరం మరి. ఇప్పుడు పిలిచినా రాని బ్రెజిల్ చెక్క మీద ఆయనకున్న మోజు అంతా ఇంతా కాదు. జేన్ చదివిన చదువు ఊరుకోనివ్వదు. ఎక్కడో వేల మైళ్ల అవతల అడవిలో కొట్టిన చెట్టు నాకెందుకు, మన కొండల్లో వాల్‌నట్ లేదా, మేపుల్ లేదా అంటుంది. వీలైనంతవరకు దగ్గర్లో దొరికే చెక్కతోనే చేస్తుంది. అడిగినవాళ్లకీ ముందు అదే చెబుతుంది. రోజ్‌వుడ్ గంటలా మోగితే, వాల్‌నట్ కాస్త పొడిగా, స్పష్టంగా పలుకుతుంది. ఏది బాగుందంటే... వంకాయ కూర బాగుందా బెండకాయ కూర బాగుందా అన్నట్టే. గిటార్ గొంతులో పెద్ద వాటా ముందుపలకదీ దాని వెనక బద్దలదీ అని ఈ పని చేసేవాళ్లు చాలామంది ఒప్పుకుంటారు. వీపుకి ఏ చెక్క వేసినా, చాకు ఎక్కడ ఆపాలో తెలియకపోతే లాభం లేదు. ఆ ఒక్క సంగతిలో మాత్రం తండ్రీ కూతుళ్ల మధ్య తగవు లేదు.

మన ఇంట్లో కుదురుతుందా?

ఎందుకు కుదరదు? చిత్రిక, సన్నపళ్ల రంపం, రెండుమూడు ఉలులు, బోలెడన్ని బిగింపు క్లాంపులు, ఓ కాలే గొట్టం ఉంటే మొదలుపెట్టొచ్చు. కావలసినదానికన్నా ఎక్కువ అనిపించే క్లాంపులు చివరికి ఎప్పుడూ తక్కువే పడతాయి. మన దగ్గర అసలు శత్రువు గాలిలో తేమ. చెక్క తేమని పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడిగాలికి ముడుచుకుంటుంది. గాలిలో తేమ 45 నుంచి 50 శాతం ఉన్నప్పుడు పలకలు అతికించాలన్నది పద్ధతి. కాకినాడలోనో విశాఖలోనో వానాకాలంలో అతికిస్తే, ఆ గిటార్ ఏసీ గదిలోకో హైదరాబాద్ ఎండల్లోకో వెళ్లగానే ముడుచుకుని చీలిపోతుంది. కాబట్టి తేమ చూపించే చిన్న మీటరు కొనుక్కుని, గోడకి తగిలించుకుని, రోజు చూసుకుని మరీ పని మొదలుపెట్టాలి. మొదటిసారే ఆరు తీగల జోలికి వెళ్లకుండా ఉకులేలేతో చెయ్యి తిప్పుకుంటే నయం. నైలాన్ తీగల లాగుడు తక్కువ, తప్పులు చేసినా కొంత క్షమిస్తుంది.

చెక్క కోసం అడవికి వెళ్లక్కర్లేదు. పాత ఇళ్లు పడగొట్టేచోట దొరికే దూలాలూ తలుపులూ యాభై అరవయ్యేళ్లుగా ఆరి ఉంటాయి. కొత్తగా కోసిన చెక్క కంటే అవి నిలకడగా ఉంటాయి. అటకమీద కాలు విరిగి పడున్న తాతగారి రోజ్‌వుడ్ మంచం గుర్తొచ్చిందా? దుమ్ము తుడిచి, దాని తలాపు పలకని వేలి కణుపుతో ఓసారి తట్టి చూడండి. గంటలా మోగితే సగం పని అయినట్టే. రంపం తీసే ముందు మాత్రం నాన్నమ్మని అడగండి. సొరుగు అడుగు ఊడదీసినప్పుడు వేన్ ఎవరినీ అడిగినట్టు లేదు!